అరవై కప్పుల దిష్టి

బంగారమంత అబద్ధాలకోరు ఈ భూమ్మీద మరొకటి లేదు. పింగాణీ కప్పులకు పూసే బంగారం సంగతి చెబుతున్నాను. సీసాలో ఉన్నప్పుడు అది బంగారంలా ఉండదు. కుంచెకు అంటినప్పుడూ ఉండదు. కప్పు అంచుకు పూసి, ఆరబెట్టి, ఎదురుగా కూర్చుని రోజంతా బతిమాలినా ఉండదు. ముదురు గోధుమ రంగులో, జిడ్డు జిడ్డుగా, నిన్నటి చింతపండు పులుసులా ఉంటుంది. పోలీసు దెబ్బలు పడితే తప్ప నోరు విప్పని దొంగలాగ, బట్టీలో పెట్టి లోపలంతా ఎర్రబడేదాకా కాల్చి, చల్లారాక మూత తీస్తేనే, "అవును, నేను బంగారాన్నే" అని ఒప్పుకుంటుంది. డెబ్భైల మొదట్లో తమిళనాడు ధర్మపురిలో, మా నాయన చింతపండు గోడౌను వెనక గదిలో, ఇరవై నాలుగేళ్ల వయసులో నేను ఈ దొంగ చేత నిజం చెప్పించే పనికి పూనుకున్నాను.

అంతకుముందు నాలుగేళ్లు ఒక పింగాణీ ఫ్యాక్టరీలో కప్పుల అంచులకు గీతలు గీశాను. ఎడమ చేత్తో గుండ్రటి పీటను తిప్పుతూ, దాని మీద కూర్చున్న కప్పు అంచుకు కుడిచేతిలోని కుంచెను ఆనించి, ఆ చెయ్యి కదపకుండా ఉంచడమే నా ఉద్యోగం. చెయ్యి కదపనందుకు జీతం తీసుకున్నవాళ్లలో, ఆఫీసరు దొరలను మినహాయిస్తే, నేనే మొదటివాణ్ణని గర్వంగా చెప్పుకుంటాను. ఆ నాలుగేళ్లలో నా కుడిచెయ్యి ఎంత నిలకడ నేర్చుకుందంటే, దాని మీద వాలిన ఈగ కొమ్మ అనుకుని కాపురం పెట్టేది. తరవాత ఆ ఫ్యాక్టరీలో గీతల పని తగ్గించేశారు. నేను పీటను చంకన పెట్టుకుని, అమ్ముడుపోని తెల్ల కప్పులు రెండు పెట్టెల నిండా వేసుకుని ఇంటికి వచ్చేశాను.

మా ఇంట్లో అందరి వేళ్లూ పుల్లగా ఉండేవి. మూడు తరాలుగా చింతపండు వ్యాపారం. మా తాత పాల చెంబు వైపు కాస్త తీక్షణంగా చూస్తే పాలు విరిగిపోయేవని మా అవ్వ ప్రమాణం చేసి చెప్పేది. పంట దిగినప్పుడు ఇంటిల్లిపాదీ గోనెల మీద కూర్చుని, ఈనెలు లాగి, గింజ కొట్టి, ముద్దలు చుట్టాలి. నాకు చింతపండు మీద వ్యక్తిగతంగా కోపమేమీ లేదు. రసంలో కలిస్తే గౌరవిస్తాను. కానీ జీవితమంతా దాని ఎదురుగా కూర్చోవడం నా వల్ల కాదనిపించింది. అందుకే గోడౌను వెనక గదిలో ఇటుకలతో బొగ్గుల పెట్టెంత బట్టీ ఒకటి కట్టుకున్నాను. నాయన చూశాడు, బస్తాలు రెండడుగులు ఇవతలికి జరుపుకున్నాడు.

బట్టీ ఉంది, పీట ఉంది, కప్పులున్నాయి. లేనిది బంగారం. దాని కోసం సేలం వెళ్లి, ఒక రంగుల వ్యాపారి గడ్డం పట్టుకుని బతిమాలి, ఒక సీసా తెచ్చుకున్నాను. సీసా నా చిటికెన వేలి పైకణుపంత ఉంటుంది. అందులో అసలు బంగారం పదో వంతో ఏమో, మిగతా తొమ్మిది వంతులూ నూనె, జిగురు, వాసన. అయినా దాన్ని చొక్కా జేబులో వేసుకుని బస్సెక్కాక, ప్రపంచంలోని గజదొంగలందరూ సేలం నుంచి ధర్మపురికే టిక్కెట్టు కొనుక్కున్నారనిపించింది. కుడిచేత్తో జేబును గట్టిగా అదిమిపట్టి, పళ్లు బిగించి కూర్చున్నాను.

తొప్పూరు కనుమ ఎక్కేసరికి మలుపులు మొదలయ్యాయి. ఒక్కో మలుపుకీ నేను గుండె మరింత గట్టిగా పట్టుకుంటున్నాను, నుదుటి మీద చెమట ధారగా కారుతోంది. పక్కన కూర్చున్న ముసలామె నన్ను చూసి, పైట చెంగుతో విసరడం మొదలుపెట్టింది. వెనకాయన నా వీపు రుద్దాడు. ఎవరో "నెంజు వలి, నెంజు వలి" అని తమిళంలో గుండెనొప్పి కేక వేశారు. నేను కాదని చెప్పడానికి నోరు తెరిస్తే, మాట పడిపోయిందని ఇంకొకాయన ప్రకటించాడు. కండక్టరు విజిలు ఊదాడు. కనుమ మీద ఒక కాఫీ హోటలు ముందు బస్సు ఆగింది. నలుగురు నన్ను పూలపల్లకిలాగ దింపారు. నిజం చెప్పాలంటే, నా పెళ్లిలో కూడా నన్నెవరూ అంత జాగ్రత్తగా మోయలేదు.

హోటలు యజమాని బయటికి వచ్చాడు. ఆయన మీసాల మీద రెండు కాఫీ గ్లాసులు నిలబెట్టవచ్చు. గాలి ఆడాలని నా చొక్కా గుండీలు విప్పబోతూ, జేబు మీదున్న నా చేతిని పట్టుకుని లాగాడు. ప్రాణం మీదికి వస్తే మనిషికి ఇంటి భాషే వస్తుంది.

"మెల్లగన్నా, పగిలిపోతాది" అన్నాను.

"ఏంది పగిలేది, గుండెకాయా?" అన్నాడాయన, అచ్చం మా ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో.

ఆయనది మా వైపే, ఏ. పళ్లిపట్టి అనే ఊరి పక్కన ఏదో పల్లె అట. మనవాడని తెలిశాక సీసా చూపించక తప్పలేదు. బస్సు జనమంతా నాకు గుండెజబ్బు లేదని తెలిసి చాలా నిరాశపడి, తిట్టుకుంటూ ఎక్కి వెళ్లిపోయారు. నన్ను వదిలేసి వెళ్లారని చెప్పనవసరం లేదు. తరవాతి బస్సు వచ్చేలోగా నేను ఆయనకు కప్పులు, గీతలు, బట్టీ అన్నీ వివరించాను. ఆయన చాలాసేపు మీసం తిప్పుకున్నాడు. బెంగుళూరు పోయే కార్లవాళ్లు తన హోటలు ముందు దిగుతారనీ, గాజు గ్లాసులు చూసి మొహం తిప్పుకుని మళ్లీ కారెక్కుతారనీ, అంచుకు బంగారమున్న కప్పులుంటే ఆ మొహాలు ఇటు తిరుగుతాయనీ చెప్పాడు. ఐదు డజన్లు కావాలన్నాడు. కాకపోతే తయారయ్యాక తనే వచ్చి చూస్తాడట, నచ్చితేనే తీసుకుపోతాడట.

ఇంటికి రాగానే ఈ సంగతి నాయనకు చెప్పాను. ఆయన సీసా మూత తీయించి వాసన చూశాడు. వేలికి కాస్త అంటించుకుని వెలుతురులో తిప్పి చూశాడు.

"ఇది పులుసు కదరా" అన్నాడు. "రోంత ఉప్పేస్తే సరిపోతాది."

తరవాత వేలు గోనెసంచికి తుడుచుకుని తీర్పు చెప్పాడు. "కొత్త చింతపండు దిగేలోగా ఆ అరవై కప్పులూ మన గడప దాటినాయంటే గది నీది. దాటలేదనుకో, గది చింతపండుది. నువ్వూ చింతపండుకే."

అప్పటికి చెట్ల మీద కాయ గోధుమ రంగుకు తిరుగుతోంది. దారిన పోతూ తలెత్తి చూస్తే ప్రతి కొమ్మా నన్ను చూసి గింజలు గలగలలాడించి నవ్వుతున్నట్టుండేది.

ఇక మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మకు ఈ లోకంలో భయమంటూ ఉంటే అది దిష్టి ఒక్కటే. పామును చీపురుతో నెట్టేసే మనిషి, ఎవరైనా "దూడ బాగుంది" అంటే గజగజ వణికిపోయేది. కంటికి ఇంపుగా ఏది కనబడినా వేలితో కాటుక తీసి చుక్క పెట్టేసేది. దూడ నుదుటిన పెట్టింది. పెరట్లో కాసిన గుమ్మడికాయకు బుగ్గ మీద పెట్టింది. నాయన కొత్త గొడుగుకు, ట్రాన్సిస్టరు రేడియోకు పెట్టింది. ఒకసారి పోస్టుమాను కొత్త సైకిలు మీద వచ్చి, ఉత్తరం ఇచ్చి వెనక్కి తిరిగేలోగా దాని సీటుకు పెట్టింది. ఆ చుక్క తరవాత ఎక్కడ అంటిందో ఆయన ఇంటికి పోయేదాకా చూసుకోలేదు.

ముందు ఒక కప్పును పరీక్షకు కాల్చాను. చల్లారాక తీసి గుడ్డతో తుడిచి గుమ్మంలో పెడితే, దాని అంచు మీద సూర్యుడు జారిపడ్డాడు. అంత సన్నగా, అంత నున్నగా, అంత నిండుగా ఉందా గీత. అసలు సూర్యుడే దాన్ని చూసి ఆ రోజు కాస్త ఆలస్యంగా అస్తమించాడని మా వీధిలో ఇప్పటికీ అనుకుంటారు. అనుకోవడం మొదలుపెట్టింది నేనే. గంటలో మా ఇంటి ముందు ధర్మపురి ధర్మపురంతా చేరింది, జైల్లో ఉన్నవాళ్లు తప్ప. ఒకామె కప్పు తాకి కళ్లకద్దుకుంది. ఇంకొకామె ఇలాంటి కప్పులో కాఫీ తాగితే కడుపు చల్లగా ఉంటుందంది. అందరూ బాగుంది, బాగుంది అంటున్నారు. ఆ ఒక్కో "బాగుంది"కీ తలుపు చాటున నిలబడ్డ అమ్మ ఒక్కో అంగుళం కుంగిపోతోంది.

ఆ సాయంత్రమే పాలు పొంగిపోయాయి. గరిటె కాడ ఊడింది. నేను వరసగా మూడుసార్లు తుమ్మాను. అమ్మకు ఇంకేం రుజువు కావాలి? మిగతా కప్పులన్నిటికీ చుక్కలు పెడతానని కాటుక డబ్బీ తీసుకుని బయల్దేరింది. నేను అడ్డం నిలబడ్డాను. పూసిన అంచుకు వేలి జిడ్డు ఒక్క నలుసంత తగిలినా బంగారం రాదనీ, అక్కడ ఊదారంగు మచ్చ పడుతుందనీ, అంచు చెడితే హోటలాయన కప్పులు తీసుకోడనీ, అప్పుడు నేను చింతపండు పాలేననీ దండం పెట్టి చెప్పాను. అమ్మ అంచు ముట్టనని మాట ఇచ్చింది. అమ్మ మాట తప్పే మనిషి కాదు. ఆ సంగతి తరవాత నాకు చాలా బాగా తెలిసివచ్చింది.

అరవై కప్పులకూ గీతలు గీయడానికి మూడు రోజులు పట్టింది. గీత పలచనైతే బంగారం ఊదాగా తేలిపోతుంది, మందమైతే బొబ్బలు లేస్తుంది. ఊపిరి వదిలితే చెయ్యి కదులుతుందని కప్పు కప్పుకీ ఊపిరి బిగపట్టేవాణ్ణి. ఆ మూడు రోజుల్లో మొత్తం మీద నేను ఒక పూట మాత్రమే గాలి పీల్చుకున్నాననుకుంటాను. ఆఖరి కప్పు అయ్యేసరికి సీసా ఖాళీ. కుంచె ముంచుకోవడానికి బంగారం పోసుకున్న సాసరులో మాత్రం అడుగున నల్లగా, చిక్కగా కాస్త మిగిలింది. కప్పులను బల్లల మీద బారులు తీర్చి ఆరబెట్టి, బట్టీలోకి చింత మొద్దులు చీల్పించుకు రావడానికి కట్టెల అడితికి వెళ్లాను.

తిరిగి వచ్చి కప్పులు బట్టీలోకి ఎక్కించాను. ఒక్కో కప్పునూ అడుగు పట్టుకుని, కళ్లు అంచు మీదే అతికించి, ఒకదానికొకటి తగలకుండా సర్దాను. కప్పుకు అంచు తప్ప ఇంకో అవయవం ఉందనే ధ్యాసే నాకు లేదు. నిప్పు రాజేశాను. మొదట మూత వేలెడు సందు తెరిచి ఉంచాలి, లోపలి నూనెలన్నీ పొగై పోవాలి. ఆ పొగ వాసన ఎలా ఉంటుందంటే, కర్పూరం, లవంగ నూనె, కాలిన రబ్బరు చెప్పు ముగ్గురూ ఒకే గదిలో ఆస్తి పంచుకుంటున్నట్టుంటుంది. పొగ ఆగాక మూత మూసి, సందులకు మట్టి మెత్తాను. ఇక దాన్ని తెరిచే ప్రశ్నే లేదు. తెరిస్తే చల్లగాలి తగిలి అరవై కప్పులూ ఒకేసారి పగుల్తాయి.

అప్పుడు అమ్మ మజ్జిగ చెంబు తెచ్చి నా చేతికిచ్చింది. మొహంలో ఎంతో నిశ్చింత.

"ఇంక నువ్వు బయపడొద్దు నాయనా" అంది. "అన్నిటికీ పెట్టేసినాను."

"ఏం పెట్టినావు?"

"చుక్క. నువ్వు కట్టెలకి పోయినప్పుడు."

నా చేతిలో మజ్జిగ చెంబు బంగారు గీత గీసేటప్పుడు కూడా లేనంత నిలకడగా ఆగిపోయింది. అంచు ముట్టలేదు కదా అన్నాను. ఎందుకు ముట్టుకుంటానని అమ్మ నొచ్చుకుంది. "పిడి ఉండాది కదా, దాని సందులో పెట్టినా. పిల్లోళ్లకి చెవి వెనక పెట్టినట్ల. నీ కంటికే కనపళ్లేదంటే ఇంకెవురి కంటికి కనపడతాది?"

నా ప్రాణం కుదుటపడింది. కాటుక మసే కదా. ఆ వేడికి మసి మాడి పోతుంది, జాడ కూడా మిగలదు. నవ్వుతూ మజ్జిగ ఎత్తి తాగబోతూ, ఊరికే మాటవరసకు అడిగాను, కాటుకతోనే కదమ్మా అని.

"కాటుక డబ్బీ యాడ పెట్టినానో కనపళ్లేదురా. నీ సాసర్లో నల్లంగా మిగిలింది కదా, అదే పెట్టినా. కాటుక కంటే బాగా పట్టుకునింది."

మజ్జిగ ముక్కులోంచి వచ్చింది.

అమ్మను తప్పుపట్టడానికి లేదు. ఆమె లెక్క ఆమెకుంది. పరీక్ష కప్పు ఆమె చూసింది, కానీ ఆ నల్లటి పులుసే బంగారమవుతుందని ఆమెకెవరూ చెప్పలేదు. అది జిగురనీ, బంగారం బట్టీలోపల ఎక్కడో ఉండి, వేడికి కరిగి ఎగిరొచ్చి ఆ జిగురుకు అంటుకుంటుందనీ అనుకుంది. అలాగైతే తను పెట్టిన చుక్కలకూ అంటుకోవాలి కదా అనే సందేహం ఆమెకు రాలేదు. దిష్టి చుక్క దగ్గరికి బంగారం ఎందుకు వస్తుంది? ఆమెకు ఇప్పుడే చెబుదామా అనుకున్నాను. వేడి చూసుకోవడానికి బట్టీకి వదిలిన కన్నంలోంచి చూశాను. లోపల దానిమ్మ గింజ రంగు మొదలైంది. ఎర్రటి చీకట్లో అరవై కప్పులు, అరవై చుక్కలు. నిజం చెప్పడానికి అన్నీ సిద్ధమవుతున్నాయి.

మర్నాడు పొద్దున బట్టీ తెరిచేటప్పుడు నాయన గోడౌనులోంచి కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. ఆయన వెనక, అసలు పంట ఇంకా దిగకముందే మచ్చుకు వచ్చిన కొత్త చింతపండు బస్తా ఒకటి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఇద్దరూ ఒకే భంగిమలో నన్ను చూస్తున్నారు.

మొదటి కప్పు తీశాను. అంచు మీద ఒక్క మచ్చ లేదు. పిడి సందులో మాత్రం కందిబద్దంత చుక్క, మధ్యలో కళకళలాడే బంగారం, చుట్టూ పలచబడ్డచోట ఊదారంగు వలయం. నెమలి కన్నులా ఉంది. దగ్గరగా చూస్తే అందులో అమ్మ వేలి గీతలు కూడా సుళ్లు సుళ్లుగా అచ్చుపడ్డాయి. రెండో కప్పూ అంతే. పదో కప్పూ అంతే. అమ్మ ఒక్క కప్పు మీద కూడా పక్షపాతం చూపలేదు.

అమ్మ ఒక కప్పు తీసుకుని పిడి సందులోకి చూసింది. ఆమె మొహంలో రక్తం లేదు. దిష్టి చుక్క అంటే కంటికి వెగటుగా ఉండాలి. అది పట్టపగలు ఇలా మెరిస్తే ఇంకేమన్నా ఉందా? దిష్టి తగలకుండా పెట్టినది కాస్తా దిష్టిని రమ్మని అరవై దీపాలు వెలిగించినట్టయింది. అమ్మ ఆ కొత్త బస్తా దగ్గరికి వెళ్లి, చింతపండు ఇంత పీక్కుని, నీళ్లతో తడిపి కప్పుల ముందు కూర్చుంది. ఇత్తడి బిందె తోమినట్టు చుక్కలు తోమడం మొదలుపెట్టింది. చింతపండుతో తోమితే ఏమవుతుందో మూడు తరాల చింతపండు కుటుంబానికి వేరే చెప్పాలా? బట్టీ మసి వదిలి చుక్కలు ఇంకా ధగధగలాడాయి.

ఆమె మూడో కప్పు తోముతుండగా హోటలాయన వచ్చాడు. గడ్డి పరిచిన రెండు తట్టలు ఒక మనిషి నెత్తిన పెట్టించుకుని, చెప్పిన రోజుకు రెండు రోజుల ముందే. అమ్మ గబుక్కున లేచి తలుపు చాటుకు వెళ్లింది.

ఆయన ఒక కప్పు తీసి అంచు చూశాడు. మీసాలు పైకి లేచాయి. గోరుతో గీకాడు, గుడ్డతో తుడిచాడు, ఎండలో తిప్పాడు. నాయన వైపు చూసి తలాడించాడు. నాకు లోపల డప్పులు మోగుతున్నాయి. అప్పుడు కప్పును పక్కకు తిప్పి, పిడి సందులోకి చూశాడు. ఇంకో కప్పు తీశాడు, చూశాడు. మూడోది చూశాడు.

"ఇదేంది తమ్ముడూ? ఎవురో తిన్న చెయ్యి తుడిచినట్లుండాది."

నేను చేతనైనంత అబద్ధం మొదలుపెట్టాను. జపానులో ఇప్పుడు ఇదే వాడుకలో ఉందన్నాను. అక్కడ రాజుగారు ఇలా చుక్క లేని కప్పును పెదవికి తాకనివ్వడన్నాను. ఆ చుక్క పెట్టడం నేర్చుకోవడానికి ఫ్యాక్టరీలో నాకు ఏడాది పట్టిందని చెబుతుండగా తలుపు చాటు నుంచి అమ్మ బయటికి వచ్చేసింది. పరాయి మగవాళ్ల ఎదుటికి ఎన్నడూ రాని మనిషి, మోచేతుల దాకా చింతపండుతో.

"వాని మాట నమ్మొద్దన్నా. అది దిష్టి చుక్క. నేనే పెట్టినాను."

హోటలాయన మొహం మారిపోయింది. ఎగతాళి పోయి, భయం వచ్చింది. కనుమ మీద హోటలు నడిపేవాడికి దిష్టి సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. వారం వారం గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కడతాడట. అయినా మొన్ననే పాల బాయిలరు అడుగు ఊడిందట, వంటమనిషి చెప్పాపెట్టకుండా బెంగుళూరు లారీ ఎక్కి పోయినాడట. అంత అనుభవం ఉన్న మనిషి అమ్మతో నెమ్మదిగా, ఒక వైద్యుడు ఇంకో వైద్యుడితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"దిష్టి చుక్కంటే నల్లంగా ఉండల్ల కదక్కా. ఇది బంగారమైపోయె. వచ్చినోడి కన్ను నేరుగా దీని మీదే పడతాది కదా."

నేను కళ్లు మూసుకున్నాను. వెనక బస్తాలోంచి కొత్త చింతపండు వాసన నా మెడ మీదికి వస్తోంది.

అమ్మ చేతిలోని కప్పును చూసింది, ఆయన్ను చూసింది. నాకు తెలిసి ఆమె అప్పటిదాకా ఆ సంగతి తనలో తనే తేల్చుకోలేక తోముతూ కూర్చుంది. ఆయన అడగడంతో తేలిపోయింది.

"పడనీ" అంది. "ముందు దీని మీద పడితే ఇంక నీ హోటలు మీద ఏముంటాది పడేదానికి? నల్ల చుక్కయితే చూస్తారో లేదో. దీన్ని చూడకుండా ఎవురన్నా ఉండగలరా?"

హోటలాయన పిడిలో వేలు పెట్టి కప్పు ఎత్తాడు. చుక్క వేలి వెనక దాక్కుంది. దించాడు. చుక్క మళ్లీ కనబడి ఆయన్నే చూసింది. ఎత్తాడు, దించాడు. ఇలా ఏ పదకొండుసార్లో చేసి ఉంటాడు. కారులోంచి దిగిన పెద్దమనిషి కప్పు బల్ల మీద ఉన్నంతసేపూ చుక్కను చూస్తాడు, తాగేటప్పుడు తన వేలితోనే తన దిష్టిని మూసేస్తాడు. ఇంత ఏర్పాటు నిమ్మకాయలో ఎక్కడుంది? ఆ ఆలోచన ఆయన మొహంలో ఎడమ మీసం దగ్గర మొదలై కుడి మీసం చివరిదాకా పోవడం నేను కళ్లారా చూశాను.

తరవాత ఆయన అడిగింది ఒక్కటే. ఈ అరవై కప్పులకు సాసర్లు కూడా కావాలి, వాటికీ చుక్క ఉండాలి. నేను పరవశంతో తప్పకుండా పెడతానన్నాను.

"నువ్వు కాదు తమ్ముడూ" అన్నాడు. "అక్క పెట్టల్ల. నీ వేలికి ఏం తెలుస్తాది?"

తట్టల్లో గడ్డి పరిచి, కప్పులు పేర్చి, మళ్లీ గడ్డి కప్పి, తట్టలు నెత్తిన ఎక్కించారు. అరవై కప్పులూ మా గడప దాటాయి. వీధి మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలో నిలబడి చూసి, లోపలికి పరిగెత్తి, నాయన ముందు చెయ్యి చాపాను. నాయన మాట ఇస్తే ఇచ్చినట్టే. నడుముకున్న తాళంచెవి తీశాడు. తీసి, నన్ను దాటుకుని వెళ్లి, అమ్మ చేతిలో పెట్టాడు.

అదేమిటి నాయనా అన్నాను. గీతలు గీసింది నేను, బట్టీ కట్టింది నేను, బస్సులో గుండెనొప్పి తెచ్చుకున్నది నేను అని వాదించాను. జపాను రాజుగారి ప్రస్తావన కూడా తెచ్చాను. నాయన చింతపండు బస్తాను భుజానికెత్తుకుంటూ, "ఆర్డరు ఎవురి వేలికి వచ్చిందో గది వాళ్లది" అని, దాన్ని గోడౌను ముందువైపుకు మోసుకుపోయాడు. అంటే ఒక సంగతి మాత్రం తేలింది. గది చింతపండుది కాదు. నేనూ చింతపండుకు కాదు.

అమ్మ తాళంచెవి బొడ్డున దోపుకుంది. గది మధ్యలో నిలబడి, ఇంతకుముందెప్పుడూ చూడనట్టు నాలుగు గోడలూ చూసింది. నా పీట కాస్త కిటికీ వైపు జరపమంది. మంగళవారాలు బట్టీ వెలిగించకూడదంది. అవతలి మూల ఖాళీగా ఉంది కాబట్టి తన ఊరగాయ జాడీలు అక్కడ పెట్టుకుంటానంది. నీకేమన్నా ఇబ్బందా అని అడిగింది కూడా. అడిగినందుకే పొంగిపోయి లేదన్నాను. ఆ మధ్యాహ్నమే ఏడు జాడీలు వచ్చి కూర్చున్నాయి. ఆ దశాబ్దమంతా నేను కుడిచేత్తో బంగారు గీతలు గీస్తూ, ఎడమ మోచెయ్యి ఆవకాయకు తగలకుండా చూసుకుంటూ, మా అమ్మ దగ్గర పనిచేశాను.